బ్లోయర్ డక్ట్ హోరు తగ్గించే రెజొనేటర్: సాయం చేయండి

అందరికీ నమస్కారం. మాకు మిర్యాలగూడ దగ్గర చిన్న రైస్ మిల్లు ఉంది. తవుడు లాగే బ్లోయర్ హోరుకి పక్కింటి పెద్దమ్మ వంటగదిలో స్టీలు గ్లాసులు కూడా గణగణమంటున్నాయి, ఆవిడ నిద్ర పట్టట్లేదంటుంటే చాలా బాధగా ఉంది. మోటారు 1440 ఆర్‌పీఎం, ఫ్యానుకి 6 రెక్కలు, అంటే రెక్కల హోరు 144 హెర్ట్జ్ (సెకనుకి 144 సార్లు). ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ గ్రాఫ్‌లోనూ పెద్ద ముల్లు అక్కడే లేస్తోంది. ధ్వని వేగం సెకనుకి 350 మీటర్లు తీసుకుని, 5 సెంటీమీటర్ల వ్యాసం, అంతే పొడవున్న గొట్టం, 5.9 లీటర్ల డబ్బాతో హెల్మ్‌హోల్ట్జ్ రెజొనేటర్ (డక్ట్‌కి గొట్టంతో తగిలించే మూసిన డబ్బా, కొలతలకి తగ్గ ఒక్క ఫ్రీక్వెన్సీ హోరునే తగ్గిస్తుంది) వెల్డింగ్ చేయించా. హోరు ఏమాత్రం తగ్గలేదు. గొట్టం రెండు చివర్లా బయటి గాలి కూడా కొంత కదులుతుంది కాబట్టి పొడవు 9 సెంటీమీటర్ల పైనే లెక్కేయాలని తర్వాత తెలిసింది, అలా చూస్తే నా డబ్బా పనిచేసేది 106 హెర్ట్జ్ దగ్గర! 144కి 3.2 లీటర్లు చాలు.

మళ్లీ చేయించే ముందు అడుగుతున్నా. 30 సెంటీమీటర్ల చదరపు డక్ట్‌కి ఒక్కటి సరిపోతుందా, లేక పావు తరంగదైర్ఘ్యం, అంటే 61 సెంటీమీటర్ల ఎడంతో రెండు పెట్టాలా? తవుడు దుమ్ము గొట్టంలో పేరుకుంటే ట్యూనింగ్ మారిపోతుంది కదా, డక్ట్ పైన మూతి కిందికి ఉండేలా బిగిస్తే చాలా? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.