పర్యావరణ పాఠమంటే కుళాయి కట్టేయడమేనా?

పాతబెంచీ:
మా పాప మూడో తరగతి పుస్తకంలో ఒక బొమ్మ ఉంది. కుళాయి వదిలేసి పళ్లు తోముకుంటున్నాడో కుర్రాడు. కింద గడిలో తప్పు గుర్తు పెట్టాలి. మొక్కకు నీళ్లు పోస్తున్న అమ్మాయికి ఒప్పు. వెనకాల పొగ వదులుతున్న ఫ్యాక్టరీ కూడా గీశారు గానీ, దానికి గడి లేదు!

జపాన్ పిల్లలు బడిలోనే తమ దేశంలోని మినమాత అనే ఊరి గురించి చదువుతారు. అక్కడి చిస్సో కంపెనీ పాదరసం కలిసిన వ్యర్థాలను సముద్రంలోకి వదిలింది. అది చేపల్లోకి, వాటిని తిన్నవాళ్లలోకి చేరింది. ఊళ్లో పిల్లులు పిచ్చెత్తినట్టు గిరగిరా తిరిగి చచ్చిపోయాయి. జబ్బు 1956లో బయటపడితే, కారణం ఆ ఫ్యాక్టరీయేనని ప్రభుత్వం ఒప్పుకునేసరికి 1968 వచ్చింది. మన పుస్తకాలూ ఇలా పేరు పెట్టి చెప్పాలంటాను.

గోరింక:
ఎనిమిదేళ్ల పిల్లకు పాదరసం సంగతి చెబితే రాత్రి నిద్రపోతుందా? కుళాయి కట్టేయడమైతే తన చేతిలో పని. మా ఇంట్లో లైట్లు ఆర్పించే పోలీసు మా చిన్నోడే.

పాతబెంచీ:
మూడో తరగతికి చెప్పమనలేదండీ. అక్కడా కాలుష్యం పాఠం ఐదో తరగతి సాంఘికంలో వస్తుంది. మన దగ్గర పదో తరగతికి వచ్చినా ఆ కుళాయి కారుతూనే ఉంటుంది, అదీ నా బాధ.

చుక్కాని:
పూర్తిగా అలా అనలేం. 2008లో వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ ఎనిమిదో తరగతి సివిక్స్‌లో భోపాల్ గ్యాస్ దుర్ఘటన ఉండేది, యూనియన్ కార్బైడ్ కంపెనీ పేరుతో సహా. చట్టం, న్యాయం గురించిన పాఠంలో పెట్టారు. జపాన్‌లోనూ అది సాంఘికమే కదా. సైన్స్ పుస్తకం కుర్రాణ్ని తప్పుపడుతుంది, సివిక్స్ కంపెనీని నిలదీస్తుంది. అసలు తేడా దేశాల మధ్య కన్నా సబ్జెక్టుల మధ్యే ఎక్కువని నాకనిపిస్తుంది.

ఇటలీ 2019 చట్టంతో పౌరవిద్యకు ఏడాదికి కనీసం 33 గంటలు కేటాయించి, సుస్థిరాభివృద్ధిని అందులోనే చేర్చింది. అమెరికాలో న్యూజెర్సీ 2022 నుంచి వాతావరణ మార్పును ఆటల పీరియడ్‌తో సహా చాలా సబ్జెక్టుల్లో చెప్పిస్తోంది. మనవాళ్లేమో అదే 2022లో భారం తగ్గిస్తామంటూ పదో తరగతి సైన్స్‌లో సహజ వనరుల నిర్వహణ పాఠాన్నే ఎత్తేశారు. చెట్లను కౌగిలించుకుని నరక్కుండా అడ్డుకున్న చిప్కో ఉద్యమం ఉన్నది అందులోనే.

గోరింక:
ఆటల పీరియడ్‌లో ఏం చెబుతారబ్బా? ఏ ఎండలో ఆడకూడదనా? సరే, ఆ ఫ్యాక్టరీ కిందా ఒక గడి గీయమనండి, నాకేం అభ్యంతరం లేదు. కుర్రాడి గడి మాత్రం తీసేయొద్దు.