లెన్‌బాక్ వేసిన ముసలి బిస్మార్క్ ముఖంలో ఆ వెలుగు ఎలా తేవాలి?

నమస్కారం అండీ. ఆయిల్ పెయింటింగ్ తెలిసినవాళ్ళు కాస్త సాయం చేయండి. జర్మన్ చిత్రకారుడు ఫ్రాంజ్ ఫాన్ లెన్‌బాక్ జర్మనీ ఛాన్సలర్‌గా (ప్రభుత్వాధినేతగా) పనిచేసిన ఒక్క బిస్మార్క్‌వే దాదాపు 80 చిత్రాలు వేశాడు. వాటిలో 1890లో చక్రవర్తి రెండో విల్హెల్మ్ ఆయన్ని ఛాన్సలర్ పదవి నుంచి దింపేసిన కాలం నాటివి నాకు చాలా ఇష్టం, అప్పటికి ఆయనకు దాదాపు 75 ఏళ్ళు, అధికారం పోయినా ఆ చూపులో పట్టు మాత్రం సడలలేదనిపిస్తుంది. అలాంటి ఒక చిత్రాన్ని నేర్చుకోవడం కోసం కాపీ చేస్తున్నాను.

నా ఇబ్బంది నేపథ్యంతోనే. ముదురు గోధుమ రంగు పూస్తే ఆరాక మచ్చలు మచ్చలుగా మెరుపు చచ్చిపోతోంది, లెన్‌బాక్ చీకట్లో ఉండే లోతు రావట్లేదు. తెల్ల మీసం, ఒత్తు కనుబొమలు సున్నం కొట్టినట్టు అతికించినట్టే ఉన్నాయి. మీరైతే ముందు చీకటంతా పూర్తి చేసి ముఖానికి వస్తారా, రెండూ కలిపి తడి మీదే నడిపిస్తారా? మీసంలో తెలుపుకి ఏం కలుపుతారు? లెన్‌బాక్ ఫోటోలు పెట్టుకుని కూడా వేసేవాడు కాబట్టి, నేనూ ముందు ఆనాటి బిస్మార్క్ ఫోటోలు చూసి బొగ్గుతో అభ్యాసం చేస్తే ఉపయోగం ఉంటుందా?