కురుసుర నలుపు తెలుపు ఫొటోకి గ్రెయిన్ కలపడం న్యాయమేనా?

బీచ్‌రోడ్ ఉదయం:
అందరికీ నమస్కారం. ఆర్.కె. బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్‌ని నలుపు తెలుపులో తీశాను. డిజిటల్ కెమెరా, ట్రైపాడ్, ఐ.ఎస్.వో. (వెలుతురుని పట్టే సున్నితత్వం) 200. తెల్లారిన కాసేపటికి రోడ్డు వైపు నుంచి తీసింది కాబట్టి పూర్తిగా ఎదురు వెలుతురు. ఒడలు, అంటే సబ్‌మెరైన్ బయటి ఒళ్ళు, చాలావరకు నల్లగా వచ్చింది, వెనక మబ్బు లేని బూడిద రంగు ఆకాశం. దీన్ని 20 బై 30 అంగుళాల ప్రింటు వేయించి, మిత్రులం కలిసి పెట్టుకుంటున్న చిన్న ప్రదర్శనలో పెట్టాలి.

అసలు ఫైలు మరీ నున్నగా ఉంది, ఉక్కులా అనిపించడం లేదు. ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో గ్రెయిన్ (ఫిల్ము ఫొటోల్లో కనిపించే ఇసుకలాంటి చుక్కలు) వేశాక ఫొటోకి బరువు వచ్చింది. ప్రదర్శనలో నాతోపాటు ఉన్న మిత్రుడు మాత్రం "లేని గ్రెయిన్ కలపడం మోసం, తీసెయ్" అంటున్నాడు. ఇద్దరం తెగ వాదించుకున్నాం, తేలలేదు. ఇంత పెద్ద కట్టడంలాంటి వస్తువుకి గ్రెయిన్ అవసరమా? మీరు ఏమంటారు?

సీతమ్మధార పిక్సెల్:
మీ మిత్రుడి మాటే నాదీ. గ్రెయిన్ అనేది ఫిల్ము రీలుకి ఉన్న పరిమితి. దాన్ని తగ్గించడానికి కంపెనీలు దశాబ్దాల పాటు కష్టపడ్డాయి. కొడాక్ 1986లో టీ-మ్యాక్స్ రీలు తెచ్చింది అందుకే. వెండి స్ఫటికాలను పలకల్లా చదునుగా చేసి, అదే వేగానికి (వెలుతురుకి స్పందించే శక్తికి) తక్కువ గ్రెయిన్ రాబట్టారు. కోటలూ గుళ్ళూ వంతెనలూ తీసినవాళ్ళు 4 బై 5, 8 బై 10 అంగుళాల షీట్ ఫిల్ములు, అంత బరువు కెమెరాలు ఎందుకు మోశారు? ప్రతి రాయీ కనబడాలని.

కురుసుర 91 మీటర్ల పొడవు. దగ్గరికి వెళ్ళి చూడండి: వెల్డింగ్ గీతలు, నీళ్ళు వచ్చిపోవడానికి ఒడలి పక్కన వరసగా ఉన్న రంధ్రాలు, రంగు మీద రంగు వేసిన అట్టలు, ఉప్పుగాలికి లేచిన తుప్పు. ఆ పడవ కథంతా అక్కడే ఉంది. వాటి మీద కంప్యూటర్‌లో చుక్కలు చల్లితే మీరు కష్టపడి పట్టుకున్న వివరాన్ని మీరే చెరుపుకున్నట్టు. నున్నగా అనిపిస్తే వెలుతురు మార్చండి. మధ్యాహ్నం దాటాక ఎండ ఊరి వైపు నుంచి పడుతుంది, రోడ్డు వైపు ఒడలి మీద గీతలన్నీ లేస్తాయి. అప్పుడు మళ్ళీ తీయండి.

డాబాగార్డెన్స్ డార్క్‌రూమ్:
పిక్సెల్ గారూ, వెలుతురు గురించి మీరు చెప్పింది నిజం. గ్రెయిన్ లోపం అన్నమాట మాత్రం ఒప్పుకోను. నేను స్టూడియోలో రీళ్ళు కడిగిన మనిషిని. గ్రెయిన్ తగ్గించాలంటే రీలు కడిగే మందుల్లో డీ-76 వాడేవాళ్ళం. లీటరుకి 100 గ్రాముల సోడియం సల్ఫైట్ ఉంటుంది అందులో, అది వెండి రేణువుల అంచుల్ని కాస్త కరిగించి మెత్తబరుస్తుంది. గ్రెయిన్ గట్టిగా, గీసినట్టు కావాలంటే రోడినాల్. 1891 నాటి మందు అది, రేణువుల్ని కరిగించదు. లోపమే అయితే డబ్బులు పెట్టి రోడినాల్ ఎందుకు కొనుక్కున్నట్టు? కొడాక్ ట్రై-ఎక్స్ రీలు 35 ఎం.ఎం.లో వచ్చింది 1954లో. అంతకంటే సన్నటి గ్రెయిన్ ఉన్న రీళ్ళు ఎన్నో వచ్చాక కూడా జనం దాన్ని వదల్లేదు.

విశాఖలో కడిగినవాళ్ళకి ఇంకో సంగతి తెలుసు. మందు 20 డిగ్రీల దగ్గర ఉండాలి. ఇక్కడ వేసవిలో కుళాయి నీళ్ళే 30 దాటతాయి. ట్రేలో ఐసు పెట్టుకుని, థర్మామీటరు చేత్తో పట్టుకుని కూర్చునేవాళ్ళం. చల్లటి మందులోంచి తీసి వేడి నీళ్ళలో పడేస్తే రీలు మీది జిలటిన్ పొర ముడతలు పడి గ్రెయిన్ గుంపులు కట్టేది. అంటే గ్రెయిన్‌ని అదుపులో పెట్టడమే మాకు సగం పని.

ఇప్పుడు ఉదయం గారి ఫొటో సంగతి. ఎదురు వెలుతురులో ఒడలు నల్లగా వచ్చిందన్నారు. రీలు మీద అలా తీస్తే ఆ భాగం నెగటివ్‌లో దాదాపు ఖాళీగా ఉంటుంది, అక్కడ వెండి నిలవదు. ప్రింటులో అది నిండు నలుపు. గ్రెయిన్ కంటికి ఎక్కేది మధ్య బూడిద రంగుల్లో, అదీ ఏ గీతా లేని సమతల జాగాలో. అంటే మీ ఆకాశంలో. కంప్యూటర్ గ్రెయిన్ నిండు నలుపులో కూడా బుడబుడలాడుతుంటే చూసేవాడికి పేరు తెలియకపోయినా ఏదో తేడా అని తెలిసిపోతుంది. వేయండి, నేను వద్దనను. ఎక్కడ ఉండాలో అక్కడ వేయండి.

అదే రోడ్డు అవతల టీయూ-142 విమానం ఉంది కదా, లేత బూడిద రంగు ఒళ్ళు. దాన్ని తీస్తే కథ తిరగబడుతుంది. ఒళ్ళంతా మధ్య రంగే కాబట్టి గ్రెయిన్ మొత్తం దాని మీదే కూర్చుంటుంది. అక్కడ నేనైతే సన్న గ్రెయిన్ రీలే వాడతాను.

గాజువాక ఐ.ఎస్.వో.:
మాస్టారు చెప్పిన ఆకాశం దగ్గరే నాదీ ఒక మాట. మబ్బు లేని ఆకాశం డిజిటల్‌లో పెద్ద తలనొప్పి. 8 బిట్ జేపెగ్‌లో నలుపు నుంచి తెలుపు దాకా ఉన్నవి 256 మెట్లే. ఆకాశం పైనుంచి కిందికి కొద్దిగా మాత్రమే లేతబడుతుంది కాబట్టి అందులో ఓ 20, 30 మెట్లు వేల పిక్సెల్స్ మీద పరుచుకుంటాయి. కాంట్రాస్ట్ పెంచగానే పట్టీలు పట్టీలుగా గీతలు పడతాయి. కొంచెం గ్రెయిన్ వేస్తే ఆ మెట్ల అంచులు చెదిరిపోయి, కంటికి ఒకే ధారలా కనిపిస్తుంది. ఇందులో మోసం ఏముందో నాకు అర్థం కాలేదు. ఇది ప్రింటు పని. పదును పెంచడం, కాగితం ఎంచుకోవడం లాంటిదే.

ఉదయం గారూ, ఒక జాగ్రత్త. ముందు ప్రింటు సైజుకి ఫైలు మార్చి, ఆ తర్వాత గ్రెయిన్ వేయండి. ముందే వేసి తర్వాత పెంచితే చుక్కలు ఉబ్బుతాయి, తగ్గిస్తే మాయమవుతాయి. స్క్రీన్ మీద 100 శాతంలో చూసి నిర్ణయించకండి. 20 బై 30 ప్రింటుని జనం మూడు అడుగుల దూరం నుంచి చూస్తారు. ఒక చిన్న ముక్క అసలు సైజులో ప్రింటు వేయించి గోడకి అంటించి చూడండి.

నేవల్ కాలనీ అమ్మాయి:
మీరందరూ చుక్క ఎక్కడ పడాలి అని మాట్లాడుతున్నారు. చూసినవాళ్ళ మనసులో అది ఏం చేస్తుందో ఎవరూ అడగలేదు.

మా నాన్నగారు నేవీలో చేశారు, కురుసుర పేరు వింటూ పెరిగాను. అది నౌకాదళంలో చేరింది 1969 డిసెంబరులో. 1971 యుద్ధానికి గస్తీ కాసింది అరేబియా సముద్రంలో. సేవలోంచి తప్పించింది 2001లో, మ్యూజియంగా తెరిచింది 2002లో. అంటే ఇసుక మీద కురుసుర ఉన్న ఏ ఫొటో అయినా ఈ శతాబ్దానిదే. అయినా డిసెంబర్ 4న నేవీ డే వచ్చిందంటే నాకు వాట్సాప్‌లో గ్రెయిన్ దట్టంగా ఉన్న నలుపు తెలుపు ఫొటో వస్తుంది, "1971లో విశాఖ తీరాన కురుసుర" అని. అదే ఏడాది మన తీరంలో మునిగింది పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ. రెండు కథలూ కలిసిపోయి పిల్లలకి మూడో కథ తయారవుతోంది. ఆ ఫొటోలో గ్రెయిన్ లేకపోతే సగం మంది నమ్మరు. నలుపు తెలుపు ఒక్కటే అంత పని చేయలేదు, గ్రెయిన్ తోడైతేనే పాతది అనిపిస్తుంది.

పెళ్ళి ఫొటోకో, ఇంట్లో పిల్లి ఫొటోకో వేసుకోండి, ఎవరికీ నష్టం లేదు. యుద్ధం చూసిన ఓడ మీద వేసేటప్పుడు కాస్త ఆలోచించాలి. ఆ ఓడలో పనిచేసినవాళ్ళు ఇదే ఊళ్ళో ఉన్నారు.

డాబాగార్డెన్స్ డార్క్‌రూమ్:
అమ్మా, నీ బాధ అర్థమైంది. కానీ గ్రెయిన్‌కి వయసు అంటగట్టడం నాకు నచ్చదు. ఇల్ఫోర్డ్ డెల్టా 3200 రీలు వచ్చింది 1998లో, అందులో ఉన్నంత గ్రెయిన్ చాలా పాత ఫొటోల్లో ఉండదు. మా తాతల నాటి గ్రూపు ఫొటోలు పెద్ద ప్లేట్ల మీద తీసినవి, అద్దంలా ఉంటాయి. ఇవాళ పొద్దున్న హెచ్‌పీ5 రీలు వేసి కురుసురని తీసినా గ్రెయిన్ వస్తుంది. అది ఇవాళ్టి ఫొటోనే కదా. అబద్ధం ఆ వాట్సాప్ రాతలో ఉంది, వెండి రేణువులో లేదు.

నేవల్ కాలనీ అమ్మాయి:
మీకు తెలుసు మాస్టారూ, మీరు రీలు కడిగారు. బీచ్‌కి వచ్చిన పదో తరగతి పిల్లాడికి తెలియదు. వాడికి గ్రెయిన్ అంటే పాతకాలం. వాడికి అలా అనిపిస్తుందని తెలిసి కూడా వేస్తే ఆ బాధ్యత ఫొటో తీసినవాళ్ళదే.

సీతమ్మధార పిక్సెల్:
అమ్మాయి గారి మాట నేను ఆలోచించని కోణం. నా అభ్యంతరం వివరం గురించే, అది అలాగే ఉంది. అయితే రీలు మీద తీసి గ్రెయిన్ వస్తే నేను ఏమీ అనను. అది తీసిన పద్ధతి వదిలిన గుర్తు. సబ్‌మెరైన్ లోపల ఆ ఇరుకు దారిలో, వాల్వుల మధ్య చిన్న దీపాల వెలుతురులో ఐ.ఎస్.వో. 6400 పెట్టి తీస్తే వచ్చే నాయిస్ (డిజిటల్ కెమెరా చుక్కలు) కూడా అంతే, చీకట్లో తీశాను అని చెబుతుంది. ట్రైపాడ్ మీద 200లో తీసిన ఫొటోకి ఆ గుర్తు ఎలా వస్తుంది?

గాజువాక ఐ.ఎస్.వో.:
నాయిస్‌నీ గ్రెయిన్‌నీ ఒక గాటన కట్టకండి సార్. నాయిస్ నీడల్లో ఎక్కువ కనిపిస్తుంది, గ్రెయిన్ మధ్య రంగుల్లో. లోపల తీసినవాటికి నాయిస్ తీసేసి గ్రెయిన్ వేయడం నాకు అలవాటు, అక్కడ పైపుల నీడలు శుభ్రంగా ఉంటేనే లోతు తెలుస్తుంది. 200లో తీసిన ఫొటో నలుపు తెలుపుగా మారడం కూడా కెమెరా చూసింది కాదు కదా, అది మాత్రం ఎలా ఒప్పుకుంటున్నాం?

బీచ్‌రోడ్ ఉదయం:
అందరికీ ధన్యవాదాలు. ముక్క ప్రింట్లు వేయించి గోడకి అంటించి చూశాను. మాస్టారు చెప్పినట్టు నిండు నలుపులో గ్రెయిన్ మాస్క్‌తో (ఆ భాగాన్ని మాత్రమే ఎంచుకుని) తీసేస్తే ఒడలి అంచు ఇంకా గట్టిగా నిలబడింది. ఆకాశంలో సన్నగా ఉంచాను, పట్టీలు పోయాయి. గ్రెయిన్ ఉంచుతాను, మిత్రుడు ఇప్పటికీ ఒప్పుకోలేదు. పిక్సెల్ గారు చెప్పిన మధ్యాహ్నపు వెలుతురులో అసలు గ్రెయిన్ లేకుండా ఇంకొకటి తీసి, రెండూ పక్కపక్కన పెడదామని అతనితో అన్నాను, దానికి సరే అన్నాడు.

అమ్మాయి గారి మాట మాత్రం నన్ను వదల్లేదు. రెండు ప్రింట్ల కిందా తెల్ల మార్జిన్‌లో "కురుసుర, ఆర్.కె. బీచ్" అని, తీసిన నెల, సంవత్సరం వేస్తున్నాను.

నేవల్ కాలనీ అమ్మాయి:
సంతోషం అండీ. కానీ మార్జిన్‌లో వద్దు. ఎవరో ఫోన్‌తో తీసి పంపేటప్పుడు ముందు కత్తిరించేది మార్జిన్‌నే. సంవత్సరం ఫొటో లోపల, ఇసుక ఉన్న మూల చిన్న అక్షరాల్లో వేయండి. నెట్‌లో పెట్టే కాపీకి కూడా.