అప్‌డేట్: 35 ఫెమ్టోసెకన్ల పల్స్ 88 చూపించడం గురించి

మా టైటానియం-సఫైర్ లేజర్ కాంతి పల్స్ 35 ఫెమ్టోసెకన్లు (ఫెమ్టోసెకను అంటే సెకనులో కోటి కోట్ల వంతులో పదో వంతు) ఉండాలి, ఆటోకోరిలేటర్‌లో (పల్స్‌ను దాని కాపీతోనే పోల్చి నిడివి అంచనా వేసే పరికరం) 88 వస్తోంది, లేజర్ పాడైందా అని పోయిన నెల అడిగాను కదా. పాడవలేదు. సగం తప్పు నాదే.

ఆటోకోరిలేటర్ చూపేది పల్స్ వెడల్పు కాదు. పల్స్‌ది సెక్-స్క్వేర్ ఆకారం (ఇలాంటి లేజర్లకు మామూలుగా అనుకునే గంటలాంటి ఆకారం) అనుకుంటే ఆ అంకెను 1.54తో భాగించాలి. అంటే అసలు వెడల్పు 57 ఫెమ్టోసెకన్లు. ఇది మర్చిపోయి వారం రోజులు టెన్షన్ పడ్డాను!

మిగతాది గాజు పని. దారిలో లెన్సు, బీమ్ స్ప్లిటర్ కలిపి సుమారు 13 మి.మీ. బీకే7 అనే ఆప్టికల్ గాజు ఉంది. 800 నానోమీటర్ల దగ్గర అది మిల్లీమీటరుకు 44 ఫెమ్టోసెకన్-స్క్వేర్ చొప్పున డిస్పర్షన్ (రంగులు వేర్వేరు వేగాలతో వెళ్లడం) కలిపి పల్స్‌ను సాగదీస్తుంది: పల్స్‌లో ఎరుపు వైపు తరంగాలు ముందు పోతాయి, నీలం వైపువి వెనకబడతాయి.

దీన్ని సరిచేయడానికి, అప్పుడు మీరు జవాబుల్లో చెప్పినట్టే ప్రిజమ్ జత పెట్టాను. అందులో ఎరుపు రెండో ప్రిజమ్ గాజులో ఎక్కువ దూరం నడిచి ఆలస్యమవుతుంది, నీలం అందుకుంటుంది. రెండో ప్రిజమ్‌ను మైక్రోమీటర్ స్క్రూతో కొంచెం కొంచెంగా జరుపుతుంటే స్క్రీన్ మీద గీత సన్నబడటం చూడాలి, భలే ఉంటుంది. ఇప్పుడు 1.54తో భాగించాక 37. గీతకు రెండు పక్కలా చిన్న తోకలు మిగిలాయి, మూడో ఆర్డర్ డిస్పర్షన్ (ప్రిజమ్‌లు సరిచేయలేని మిగులు) అనుకుంటున్నా. దానికి చర్ప్‌డ్ మిర్రర్లు (ఒక్కో రంగును ఒక్కో లోతు నుంచి తిప్పికొట్టే పొరల అద్దాలు) కావాలి, మా బడ్జెట్‌లో లేవు.