పొడుగాటి ఇంగ్లీషు మాటలు ఎక్కడ విరవాలి, ఎక్కడ నొక్కాలి?

కావలి టీచరు:
పదో తరగతి పిల్లలు ‘రెస్పాన్సిబిలిటీ’ లాంటి మాట వస్తే మొదటి నుంచి చివరిదాకా ఒకే బరువుతో చదువుకుంటూ పోతున్నారు. చప్పట్లతో సిలబుల్స్ (ఒక్కో అచ్చుతో పలికే ముక్కలు) లెక్కపెట్టమంటే తలా ఒక లెక్క. స్పెల్లింగ్ కోసం విరిచినచోటే పలికేటప్పుడూ విరవాలా? నొక్కు ఎక్కడ పడుతుందో ముందే పట్టుకునే దారేదన్నా ఉందా?

ఒంగోలు నుంచి:
ముందు చప్పట్ల సంగతి చూడండి, టీచరు గారూ. హల్లుతో ఆగిపోయే మాటకు మనం చివర ఉకారం తగిలిస్తాం. అందుకే ‘బోర్డు’కు పిల్లలు రెండు చప్పట్లు కొడతారు. ఇంగ్లీషులో అది ఒక్కటే. ‘స్ట్రెంత్’లో హల్లులెన్నున్నా అచ్చు ఒకటే, కాబట్టి సిలబులూ ఒకటే. ఆ ఉకారం మాన్పించాకే లెక్క పెట్టించండి.

ఇక విరవడం రెండు రకాలు, రెండింటినీ కలపొద్దు. ‘ఫోటోగ్రాఫర్’కు అర్థాన్ని బట్టి ఫోటో, గ్రాఫ్, అర్ అని మూడు ముక్కలు. స్పెల్లింగ్‌కు ఇవే అక్కరకొస్తాయి. నోటికొచ్చేసరికి మాత్రం ఫ-టాగ్-ర-ఫర్, నాలుగు. నొక్కు ‘టాగ్’ మీద. ‘ఫోటోగ్రాఫ్’లో అది ‘ఫో’ మీద ఉండేది. అక్కణ్ణించి జరిగేసరికి ‘ఫో’ బలం పోయి, నోరు సరిగా తెరవని పొట్టి ‘ఫ’ అయింది. ప్రతి అచ్చునూ నిండుగా పలకడం మనకలవాటు, పిల్లలు తప్పేది సరిగ్గా ఇక్కడే. టొబాకో బోర్డు పేరే తీసుకోండి: ‘బా’ గట్టిగా, ముందున్న ‘టొ’ దాదాపు ‘ట’.

నెల్లూరు నుంచి:
నొక్కు కోసం మాటను చివర్నుంచి చూడమనండి. షన్, ఇక్, ఇటీ చివరుంటే నొక్కు వాటికి ముందు సిలబుల్ మీద: ఎగ్జామినేషన్‌లో ‘నే’, ఫోటోగ్రాఫిక్‌లో ‘గ్రా’, రెస్పాన్సిబిలిటీలో ‘బి’. ఇంజనీర్, రెఫరీల్లో నొక్కు చివరి సిలబుల్ మీదే. మెంట్, నెస్, లీ చేరితే నొక్కు కదలదు. డెవలప్‌లో ‘వె’ మీదుంటే డెవలప్‌మెంట్‌లోనూ అక్కడే.

తప్పించుకునేవీ ఉన్నాయి. టెలివిజన్‌లో ‘టె’, లెక్కలనే అర్థంలో అరిథ్మెటిక్‌లో ‘రిత్’. వీటిని విడిగా బట్టీ పట్టించాల్సిందే.

కావలి టీచరు:
డిక్షనరీలో నొక్కు చూపించే నిలువు గీత ముందు ముక్కదా, తర్వాత ముక్కదా?

నెల్లూరు నుంచి:
తర్వాత ముక్కదే. పైన ఉన్న గీత అసలు నొక్కు. కింద ఉన్నది దానికంటే తేలిక. ఎగ్జామినేషన్‌లో ‘జా’కు అదే పెడతారు.