ముప్పావు తారు, పావు మట్టి: 700×35సి హైబ్రిడ్‌కి ఏ టైర్లు వేయాలి?

గండిపేట_గాలి

హైబ్రిడ్ సైకిల్, డిస్క్ బ్రేకులు, సస్పెన్షన్ లేని ఫోర్కు. బండితో వచ్చిన 700×35సి (35 మి.మీ. వెడల్పు) టైర్లు అరిగి నున్నగా అయ్యాయి. రిమ్ లోపలి వెడల్పు 19 మి.మీ. నా బరువు 76 కిలోలు, బండి 13. వారమంతా మియాపూర్ నుంచి గచ్చిబౌలికి తారు రోడ్డు, ఆదివారాలు వికారాబాద్ పక్కన అనంతగిరి అడవి దారులు. అక్కడ ఎర్రమట్టి, మొరం, అక్కడక్కడ చెట్ల వేర్లు.

బటన్ టైర్లు (పైన బొడిపెలున్నవి) వేస్తే రోడ్డు మీద మరీ లాగుతాయా? 45 వెడల్పు పడుతుందా? పల్లేరు ముళ్ల పంక్చర్లతో విసిగిపోయాను, ట్యూబ్‌లెస్‌కి మారిపోవడమే మంచిదా?

అలెన్‌కీ_5

టైరు పేరు తర్వాత చూద్దాం, ముందు సందు కొలవండి. చక్రానికి ఫుల్ గాలి పెట్టి 5 మి.మీ. అలెన్ కీని టైరుకీ ఫ్రేముకీ మధ్య దూర్చి చూడండి. ఫోర్కు కాళ్ల దగ్గర రెండు వైపులా, ఫోర్కు పైకప్పు కింద, వెనక సీటు పైపులను కలిపే అడ్డపట్టీ దగ్గర, పెడల్ ఇరుసు వెనక చైన్‌స్టేల (అక్కడి నుంచి వెనక చక్రం ఇరుసుకి పోయే రెండు కింది పైపులు) మధ్య. ఎక్కువగా ఇరుకు వచ్చేది ఈ చివరి చోటే, దాన్నే అందరూ వదిలేస్తారు.

వెడల్పు 5 మి.మీ. పెరిగితే పక్కన ఒక్కో వైపు రెండున్నర, పైన దాదాపు అయిదు తినేస్తుంది. అంతా అయ్యాక కనీసం 4 మి.మీ. మిగలాలి. అంటే 40 వేయాలంటే ఇప్పుడు పక్కల 6.5, పైన 9 ఉండాలి. 45కైతే పక్కల 9, పైన 14. ఆ 4 దేనికంటే, టైరుకి అంటుకున్న గులకరాయి ఇరుక్కోకుండా తిరగడానికి, ఒక స్పోక్ తెగి చక్రం వంకర తిరిగినా ఇల్లు చేరడానికి. మడ్‌గార్డు ఉంటే దాని కింద నుంచి కొలవాలి. 35 అని రాసున్న టైరు నిజంగా 35 ఉందో లేదో కూడా వెర్నియర్‌తో (మందం కొలిచే స్కేలు) చూడండి, రిమ్‌ని బట్టి అటూ ఇటూ అవుతుంది.

షాపులో "40-622" అని అడగండి. 40 టైరు వెడల్పు, ఆ 622 మీ రిమ్ వ్యాసం, రెండూ మి.మీ.లో. 27.5 అంగుళాలది 584, 26 అంగుళాలది 559. పాత తరహా పెద్ద సైకిళ్ల 28×1½ టైరు చూడ్డానికి మీదానిలాగే ఉంటుంది కానీ అది 635, మీ రిమ్ మీద నిలవదు.

మొరంబాట

ముప్పావు తారు అన్నారు కాబట్టి పూర్తి బటన్ టైర్లు వద్దు. బుర్రుమని మోత, మధ్య బటన్లు త్వరగా అరిగిపోతాయి, పైగా తారు మీద గట్టిగా మలుపు తిప్పితే పక్క బటన్లు మడతపడి బండి జారినట్టు ఉంటుంది. మధ్యలో దగ్గర దగ్గరగా, పక్కల్లో కాస్త విడివిడిగా బటన్లున్నవి చూడండి: ష్వాల్బే స్మార్ట్ శామ్, పానరేసర్ గ్రావెల్‌కింగ్ ఎస్‌కె లాంటివి. వాన రోడ్డుకి టైరు మీద గాడులు కావాలనేది కారు టైర్ల లెక్క. సైకిల్ టైరు సన్నం, గుండ్రం, మన వేగాలకు నీటి మీద తేలదు. తడి నల్లరేగడి దిగితే మాత్రం ఏ టైరూ ఆదుకోదు, సందులన్నీ పూడిపోయి చక్రమే ఆగిపోతుంది. ఆ రోజు వేరే దారి పట్టడమే.

మొరం మీద పట్టు ఇచ్చేది బటన్ల కంటే వెడల్పూ, తగ్గించిన గాలీ. మీ బరువుకి 40 టైరు, ట్యూబుతో: తారు మీద వెనక 48 పిఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), ముందు 42. మట్టి దారి మొదలయ్యే చోట ఆగి వెనక 38, ముందు 33కి దించండి. 30 దాటి కిందికి వద్దు, వేరు తగిలితే ట్యూబు రిమ్ అంచుకి నలిగిపోతుంది. బొటనవేలితో నొక్కి చూస్తే 35కీ 48కీ తేడా తెలియదు, గేజ్ ఉన్న పంపు కొనండి. అదే వంద రూపాయలు ఎక్కువ పెట్టి కొన్న టైరు కంటే ఎక్కువ పనికొస్తుంది.

పల్లేరుకాయ

ట్యూబ్‌లెస్ అంటే టైరు మార్చడం ఒక్కటే కాదు. రిమ్ కూడా ట్యూబ్‌లెస్‌కి చేసిందై ఉండాలి. మామూలు రిమ్‌లో టైరు అంచు కూర్చునే గట్టు ఉండదు, గాలి తగ్గగానే అంచు జారి ఒక్కసారిగా దిగిపోతుంది. ఉన్నా 40 టైరుకి ఒక్కోదానికి 60 మి.లీ. సీలెంట్ (చిల్లు పూడ్చే ద్రవం) పోయాలి, మన ఎండలకు రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది. మీ రిమ్ అలాంటిది కాకపోతే ట్యూబుతోనే ఉండండి, పంక్చర్ బెల్టు ఉన్న టైరు తీసుకోండి. ష్వాల్బే వాళ్ల మారథాన్ ప్లస్‌లో 5 మి.మీ. రక్షణ పొర ఉంటుంది, పల్లేరు ముల్లుకి గట్టి జవాబే. కానీ బరువెక్కువ, గట్టిగా ఉంటుంది, మొరం మీద ఎగురుతుంది. సర్కారు తుమ్మ ముల్లు పొడుగు, దానికి ఏ బెల్టూ పూర్తి భరోసా కాదు.

ఎక్కించేటప్పుడు టైరు మీది పేరు సరిగ్గా వాల్వ్ దగ్గరకి వచ్చేలా పెట్టండి. పంక్చరైతే ట్యూబుని టైరు పక్కన పరిస్తే చాలు, చిల్లు ఎదురుగా టైరులో ముల్లు ఎక్కడుందో దొరికిపోతుంది. పైన విరిగిపోయి లోపలికి సూది మొనలా పొడుచుకుని ఉంటుంది, కంటికి కనపడదు. దూదిని లోపలి గోడ వెంట తిప్పితే పోగులు దానికి తట్టుకుంటాయి. అది తీయకుండా కొత్త ట్యూబు వేస్తే కిలోమీటరు కూడా పోరు.

చిల్లు చూస్తే కారణం తెలుస్తుంది. ఒకే చుక్కయితే ముల్లు. పక్కపక్కన రెండు చీలికలైతే గాలి చాలలేదు. రిమ్ వైపు చిల్లయితే రిమ్ టేపు (స్పోక్ రంధ్రాలను కప్పే పట్టీ) జరిగి స్పోక్ రంధ్రం అంచు కోసింది. వాల్వ్ మొదట్లో చినిగితే తక్కువ గాలితో టైరు రిమ్ మీద జరిగింది.

గండిపేట_గాలి

కొలిచాను. రిమ్ మామూలుదే, ట్యూబ్‌లెస్ ఆలోచన మానేశా. ఇప్పటి టైరు వెర్నియర్‌తో సరిగ్గా 35. ముందు పక్కల 7, పైన 11. వెనక చైన్‌స్టే దగ్గర 6, పైన 12. ముందు 40, వెనక 38 వేస్తే తప్పా?

అలెన్‌కీ_5

తప్పేం లేదు. వెనక 40 వేస్తే చైన్‌స్టే దగ్గర 3.5 మిగులుతుంది, 38కైతే 4.5. దారి పట్టుకునేది ముందు చక్రం కాబట్టి వెడల్పుది అక్కడ ఉండటమే మేలు. వెనక సన్నది కనుక మొరంబాట చెప్పిన లెక్కకి రెండు పిఎస్ఐ కలపండి. కొత్త టైరు కొన్నాళ్లకి కాస్త సాగుతుంది, రెండు వారాలు నడిపి సందు మళ్లీ చూడండి. వేగం, దూరం చూపే మీటరు సెన్సారు ముందు చక్రానికి ఉంటే చుట్టుకొలత 31 మి.మీ. పెంచి పెట్టండి, లేకపోతే దూరం తక్కువ చూపిస్తుంది.