వెనుక చక్రం పుల్లలు: విరిగినవే మార్చాలా, అన్నీ విప్పి ఇంట్లోనే కట్టుకోవాలా?

గోదావరి గట్టు:
ఏడు గేర్ల సైకిలు, 36 పుల్లల (స్పోకుల) వెనుక చక్రం. రెండు నెలల్లో మూడు పుల్లలు పోయాయి, మూడూ హబ్బు (చక్రం మధ్య భాగం) దగ్గరి వంపులోనే. షాపులో ప్రతిసారీ ఒకటి వేసి, బెండు తీసి (చక్రం వంకర సరిచేసి) పంపుతున్నారు. ఈసారి మొత్తం విప్పి నేనే కడతానంటే ఇంట్లో నవ్వుతున్నారు. మీరేమంటారు?

పాత బజారు:
నవ్వడంలో తప్పు లేదండీ. మన పాత 40 పుల్లల చక్రమైతే అది వేరే మాట. గేర్ల చక్రంలో కుడివైపు పళ్లచక్రాలకు చోటివ్వాలి కాబట్టి అటువైపు పుల్లలు నిటారుగా, బాగా బిగువుగా ఉంటాయి. ఎడమవి వదులు. పొడవులోనూ సాధారణంగా ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా. కొలత తప్పితే డబ్బు దండగ.

చైను నూనె:
అదే హబ్బు, అదే రిమ్ము అయితే పాత పుల్లలు చెరోవైపు ఒకటి పట్టుకెళ్లి అదే కొలత తెచ్చుకోవచ్చు. విప్పేముందు అల్లికను రెండువైపులా ఫోటో తీసుకోండి.

అసలు సంగతి వేరు. బిగువు ఎక్కువై పుల్ల విరిగిందని అందరూ అనుకుంటారు. చాలాసార్లు వదులే కారణం. చక్రం తిరిగే ప్రతిసారీ నేలకు దగ్గరైన పుల్ల బిగువు తగ్గుతుంది, పైకి రాగానే మళ్లీ పెరుగుతుంది. తీగను అటూ ఇటూ వంచి విరిచినట్టే. ఒకటి పోయిందంటే పక్కవీ అన్ని చుట్లూ తిరిగినవే కదా! మూడోది పోయాక కూడా ఒక్కొక్కటే మార్చడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. షాపు రద్దీలో ప్రతి పుల్లనూ మీటి చూసే తీరిక ఎవరికుంది? ఒకవైపు పుల్లలన్నీ దాదాపు ఒకే శ్రుతిలో పలకాలి. బిగించాక జంటలు జంటలుగా గట్టిగా పిసికితే టిక్కుమంటూ సర్దుకుంటాయి. అప్పుడు మళ్లీ బెండు చూడాలి.

పాత బజారు:
గుంతలో పడి రిమ్మే వంగి ఉంటే? దాన్ని నిలబెట్టడానికి కొన్ని పుల్లలు వదులు చేయక తప్పదు. అప్పుడు మీ శ్రుతి ఏమవుతుంది?

చైను నూనె:
ఒప్పుకుంటాను. విప్పాక రిమ్మును చదును బండ మీద పెట్టి చూడాలి. ఊగితే కొత్తదే. కొలత లెక్క కూడా మళ్లీ మొదటికి వస్తుంది.

ఇసుక దారి:
నా నిర్వాకం వినండి. ఫ్రీవీల్, అదే హబ్బు మీది పళ్లచక్రాల గుత్తి, తీయకుండానే పుల్లలన్నీ కత్తిరించేశాను. ఇక పట్టుకుని తిప్పడానికి రిమ్ము లేదు. చేతిలో ఉత్త హబ్బు, దాని మీద కదలని ఫ్రీవీల్. అది ఉండగా కుడివైపు కొత్త పుల్లలు దూరవు. షాపులో నా ముఖం చూసి ఎవరూ ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. ఇంకొకటి, పుల్లను రిమ్ముకు బిగించే చిన్న నట్టు, అంటే నిప్పల్‌ను టైరు వైపు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిశలో బిగుస్తుంది. హబ్బు వైపు నుంచి చూస్తే దానికి ఎదురు. ఇది తలకెక్కేసరికి అర్ధరాత్రి దాటింది.

గోదావరి గట్టు:
ఫ్రీవీల్ షాపులోనే తీయించాను. రిమ్ము ఊగడం లేదు. కుడికి 18, ఎడమకు 18 పుల్లలు వేరువేరు కట్టలుగా తెచ్చాను. పాత బజారు గారూ, ఆదివారం కడతాను. బెండు మాత్రం షాపులో తీయించమంటారా?

పాత బజారు:
కట్టినవారే తీయాలి. ఎందుకైనా మంచిది, సోమవారం సెలవు పెట్టుకోండి.